పూత రాలిన బాయిలర్

మా వైపు ఎవరైనా "పూత రాలిపోయింది" అంటే మిరపచేను సంగతే అనుకుంటాం. వెంటనే పురుగుమందుల కొట్టు గుర్తొస్తుంది. అక్టోబరులో ఒక సోమవారం పొద్దున ఆ మాట నాకు ఫోన్లో చెప్పింది మాత్రం రైతు కాదు, మా పవర్ ప్లాంటు కెమిస్టు సైమా.

"సార్, పూత మొత్తం రాలిపోయింది."

"ఎన్నెకరాల్లో?" అన్నాను, నోరు ఊరుకోక.

"బాయిలర్లో సార్. మీరు నవ్వడం అయ్యాక రండి."

నవ్వడం అక్కడికక్కడే అయిపోయింది. ప్లాంటులో మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జిని నేనే. ఏది చెడినా ముందు నా నిద్ర చెడుతుంది.

మాది పత్తికట్టె, మిరపకట్టె, వేటపాలెం నుంచి వచ్చే జీడిపిక్కల తొక్క తగలబెట్టి కరెంటు తీసే ప్లాంటు. రైతులు చేలో తగలబెట్టేవాటినే మేం బాయిలర్లో తగలబెడతాం. తేడా అల్లా, మాకు జీతాలిస్తారు. మంటకు ఎదురుగా నిలబడే ముందు వరుస ఆవిరి గొట్టాలకు ఇనుప డాళ్లు తొడిగి ఉంటాయి. ఆ డాళ్ల మీద రెండు పొరల పూత: అడుగున లోహం, దాని మీద తెల్లటి సెరామిక్. పైది వేడిని ఆపుతుంది, అడుగుది పైదాన్ని పట్టుకుని ఉంటుంది. కొత్త దంపతుల్లా రెండేళ్లపాటు అతుక్కుని ఉండాలని ఒప్పందం. నాలుగు నెలలకే విడాకులు. ఆపి చల్లార్చిన బాయిలర్ లోపలికి దూరి టార్చి వేస్తే పెచ్చులూడిన గోడలా ఉంది. బూడిదలోంచి ఒక పెచ్చు ఏరాను. ఒకవైపు తెల్లగా ఉంది, రెండోవైపు ఆకుపచ్చా నలుపూ కలిసిన మరక.

పొర ఊడింది సరే, పొరపాటు ఎవరిది?

పూత వేసింది ఇమ్మానుయేలు. సింగరాయకొండ మనిషి. మద్రాసులో పదేళ్లు ఒకరి దగ్గర పనిచేసి, తిరిగొచ్చి సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. పొడిని ప్లాస్మా మంటలో కరిగించి ఇనుము మీదికి కొట్టే గన్ను ఒకటి, మనుషులు ఎనిమిది మంది. అంతే ఆ సంస్థ. జూన్లో మా పని చేశాడు. చేసేటప్పుడు నన్ను లోపలికి రానివ్వలేదు. "కళ్లు పోతాయి సార్" అన్నాడు. అప్పుడు జాగ్రత్త అనుకున్నాను. ఇప్పుడు అదే మాట వేరేగా వినిపించింది. గన్ను వాడిదైనప్పుడు కన్ను నాది ఉండాలి కదా! నా కన్ను లేనిచోట ఎంత కొట్టాడో, ఎంత కొట్టేశాడో!

ప్లాంటు హెడ్డు శ్రీరమ్య గారు నన్ను పిలిచి, పెచ్చును వేళ్ల మధ్య తిప్పి చూశారు. ఆవిడకు నాకంటే పదిహేనేళ్లు తక్కువ వయసు, పది రెట్లు తక్కువ మాటలు.

"లక్ష్మీకాంత్ గారూ, శుక్రవారం మధ్యాహ్నానికి రిపోర్టు కావాలి. పూత పలచగా వేశాడని తేలితే ఇమ్మానుయేలు పేరు జాబితాలోంచి తీసేస్తాం. మనం తీసేస్తే మిగతా ప్లాంట్లన్నీ తీసేస్తాయి. అతను షెడ్డుకు తాళం వేసుకోవాల్సిందే. కాబట్టి ఊహలు రాయకండి."

"ఊహలేం లేవు మేడమ్, అనుమానాలే."

ఆవిడ నవ్వలేదు. నా జోకుల పూత ఏదీ ఆవిడకు అంటదు.

మంగళవారం ఇమ్మానుయేలు వచ్చాడు. పెచ్చును చూడగానే మొహం పాలిపోయింది. పాలిపోవడం తప్పు చేసినవాడి లక్షణమా, చేయనివాడి లక్షణమా అని నేను ఆలోచిస్తున్నాను.

"నేను ఇట్టా వేయలేదు సార్," అన్నాడు.

"వేసింది నువ్వేగా?"

"వేసింది నేనే. ఇట్టా వేయలేదంటున్నా."

"మందం ఎంత కొట్టావు?"

"కొలవండి సార్. మూలల్లో ఇంకా ఊడకుండా ఉంది కదా. నేను ముట్టుకోను, మీరే కొలవండి."

అనుమానానికి మించిన కొలమానం నా దగ్గర మందం కొలిచే గేజి ఒక్కటే ఉంది. పన్నెండు చోట్ల పెట్టి చూశాను. ఒక్కచోట కూడా తక్కువ లేదు. రెండుచోట్ల రాసుకున్నదానికంటే ఎక్కువే ఉంది. ఎక్కువ ఉండటం నాకు మరీ అనుమానంగా తోచింది. ఈ కాలంలో ఊరికే ఎక్కువ వేసేవాడెవడు?

"పొడి కల్తీదేమో," అన్నాను.

ఇమ్మానుయేలు నా వంక చూసి, బయటికి వెళ్లి, వ్యాన్లోంచి అరచేయంత ఇనుప బిళ్ల తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద తెల్లటి పూత, వెనక మార్కరుతో తేదీ, మా ప్లాంటు పేరు.

"ఏ పనికైనా అదే రోజు, అదే పొడితో ఒక బిళ్ల కొట్టి దాచుకుంటా సార్. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఇట్టా అడుగుతారని."

"ఇంత ముందుచూపు ఉందంటే..."

"అదిగో, మళ్లీ మొదలెట్టారు! మీరు జోకులేస్తుంటే నాకు భయం సార్. మీరు నవ్వినప్పుడల్లా ఎవడో ఒకడు ఇరుక్కుంటాడు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నవ్వబోయి మానేశాను.

సైమా ఆ బిళ్లను సగానికి కోసి, ఒక ముక్కను ల్యాబ్‌లోని చిన్న కొలిమిలో బాయిలరంత వేడిలో పెట్టింది. బుధవారం పొద్దున తీసి చూస్తే చెక్కుచెదరలేదు. పొడి మంచిది, మందం మంచిది, అతుకు మంచిది. ఇంతమంది మంచివాళ్ల మధ్య చెడ్డవాడు ఎవరు?

ఈలోగా పెచ్చు వెనక మరకను సైమా గీకి, నీళ్లలో కలిపి పరీక్ష చేసింది.

"సార్, కట్టెలో పొటాషియం ఉంటుంది, అది మామూలే. మిరపకు గంధకం పొడి కొడతారు కాబట్టి గంధకమూ మామూలే. కానీ ఇందులో సోడియం విపరీతంగా ఉంది."

"ఈ సోడియం సోది నాకు తెలుగులో చెప్పమ్మా."

"ఉప్పు సార్. ఉప్పూ గంధకమూ మంటలో కలిసి ఒక లవణం అవుతాయి. అది డాలు మీద కరిగి పాకంలా కూర్చుంటుంది. సెరామిక్‌లో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. పాకం వాటిలోంచి లోపలికి ఇంకుతుంది. సెరామిక్‌ను గట్టిగా నిలిపే సరుకును ముందు తినేస్తుంది, తర్వాత అడుగు పూతను తింటుంది. కింద పట్టు పోతే పైది నిలవదు కదా? పెచ్చులూడుతుంది."

"అంటే ఇది వేడికి ఊడలేదు?"

"వేడికి ఆగింది సార్. ఉప్పుకు ఆగలేదు."

రుజువు కోసం రెండో ముక్క మీద ఆ గీకిన పొడి చల్లి కొలిమిలో పెట్టింది. నేను మాత్రం ఆగలేకపోయాను. ఉప్పు అనగానే నాకు ఒకే ఒక మొహం కనిపించింది.

పేరయ్య! మా కట్టె కాంట్రాక్టరు. నాతో నల్లపాడు హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. వాడి లారీలు వేటపాలెం నుంచి సముద్రపు ఒడ్డునే వస్తాయి. తూకం పెరగడానికి కట్టె మీద నీళ్లు కొట్టేవాళ్లు ఉన్నారని అందరికీ తెలుసు. ఆ నీళ్లు సముద్రానివైతే? బుధవారం మధ్యాహ్నం వాడి లారీ గేటులోకి రాగానే నేనే ఎదురెళ్లాను.

"ఏరా పేరయ్యా, బంగాళాఖాతాన్ని ఎన్ని ట్రిప్పుల్లో తోలావురా?"

"ఏందిరా ఆ కూత?"

"కట్టె మీద ఉప్పునీళ్లు కొడుతున్నావా లేదా?"

"ఒరేయ్ లక్ష్మీకాంతూ, నీకు మతి పోయిందంట్రా! సముద్రంలోకి లారీ దించి నీళ్లు తోడేంత ఓపిక ఉంటే చేపలే పట్టుకునేవాణ్ణిగా! ఇదిగో లారీ, ఇదిగో కట్టె. తీసుకో. నాకు, నాకి చూసుకో."

నాకలేదు గానీ, లారీలో నాలుగు మూలల నుంచీ పుల్లలు, యార్డులోంచి జీడితొక్క, పాతకట్టె తీసి సైమాకు ఇచ్చాను. గంటలో జవాబు వచ్చింది. ఉప్పు లేదు. జీడితొక్కలోనూ లేదు. యార్డులో వామి వేసి ఉన్న పాత మిరపకట్టెలో మాత్రం ఉంది. ఎంత ఉందంటే, పరీక్ష రెండోసారి చేసి మరీ చెప్పింది.

పేరయ్య అక్కడే నిలబడి, "ఇప్పుడేమంటావురా?" అన్నాడు. వాడికి టీ చెప్పాను. అర కప్పు తాగి, మిగతాది నా బూట్ల పక్కన పారబోసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లినా బుర్ర ఆగలేదు. ఉప్పు గేటు దాటి రావడం లేదు. గేటు లోపలే కలుస్తోంది. తూకం వేశాక ఉప్పు కలిపితే ఎవడికీ లాభం లేదు. లాభం లేని పని చేశాడంటే వాడు పగతో చేస్తున్నట్టే. ఎవడికి పగ? ఇమ్మానుయేలు మీదా, మా మీదా? పని దక్కని ఇంకో పూత కంపెనీ మనిషిని పెట్టిందా? మా ఆవిడ పెరుగన్నంలోకి ఉప్పు డబ్బా జరిపితే దాని వంక కూడా అనుమానంగానే చూశాను.

గురువారం భోజనాల వేళ, యార్డులో మనిషి అలికిడి తగ్గినప్పుడు, జీడితొక్క గుట్ట వెనక నక్కి కూర్చున్నాను. నూట పది కిలోల మనిషి నక్కడం అంటే ఏనుగు నక్క వేషం వేసినట్టే. అయినా కూర్చున్నాను. తొక్కలోని జిడ్డు చొక్కాకు అంటుకుంది. పావుగంట తర్వాత నీళ్లు శుద్ధిచేసే షెడ్డు వెనక నుంచి ఒక మనిషి వచ్చాడు. భుజాన బస్తా, బస్తా మీద తువ్వాలు కప్పి ఉంది. తెల్లటి గింజలు దారంతా రాలుతున్నాయి.

బాలస్వామి. యార్డులో వామి వేసే పెద్దాయన.

 అనుమానించదగ్గ మనుషుల జాబితా ఒకటి నా జేబులో ఉంది, అందులో ఈయన పేరు చివర్లో కూడా లేదు. అంతకు ముందు ఏడాది మా కట్టె గుట్ట లోపల్లోపల వేడెక్కి, పొగలొచ్చి సగం తగలబడితే, పల్లెల్లో వెతికి తెచ్చుకున్న మనిషి. గడ్డివామి వేయడంలో ఈయన తర్వాతే ఎవరైనా. ఈయన వేసిన వామిలోకి చుక్క నీరు దిగదు. చుట్టుపక్కల ప్లాంట్లవాళ్లు కార్లేసుకుని వచ్చి ఫొటోలు తీసుకున్నారు. నేనైతే ఆయన్ని వామిస్వామి అని పిలిచేవాణ్ణి.

ఆయన నిచ్చెన మీదుగా సగం వేసిన వామి ఎక్కి, తువ్వాలు తీసి, బస్తా విప్పి, గుప్పిళ్లతో చల్లడం మొదలుపెట్టాడు. విత్తనాలు చల్లినట్టు సమానంగా, ఓపిగ్గా చల్లుతున్నాడు.

"బాలస్వామీ!" అని అరిచాను. నా అరుపుకు గుట్ట మీది కాకులు లేచిపోయాయి. ఆయన మాత్రం బెదరలేదు.

"అక్కడ కూర్చున్నారేం బాబూ? చొక్కా పాడైపోయింది."

"నా చొక్కా సంగతి వదిలెయ్. ఏంటది?"

"ఉప్పు."

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నవాణ్ణి ఏం చేయాలో నాకు తెలియలేదు.

"ఎవరు వేయమన్నారు?"

"అదేం మాట బాబూ? తడి కట్టెకి ఉప్పెయ్యకుండా వామి ఎట్టా వేస్తారు? బూజు పట్టదూ? లోపల వేడెక్కదూ? మా అయ్య అయితే మూరకో పొర చల్లేవాడు. గొడ్లు కూడా ఇష్టంగా తింటాయి."

"మన బాయిలర్ గొడ్డు కాదయ్యా!"

"తింటం మాత్రం తింటందిగా," అన్నాడు, కిందికి దిగుతూ.

"మరి తువ్వాలు ఎందుకు కప్పావు? దొంగతనంగా కాకపోతే?"

"చెమ్మ తగలకుండా. ఇప్పటికే కరిగి సగమయింది. నీళ్ల షెడ్డోళ్లు శుద్ధికి తెచ్చుకున్న ఉప్పులో, పనికిరావని వెనక పడేసిన బస్తాలు ఇయ్యి. అడిగే తెచ్చుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

బాలస్వామి తువ్వాలుతో చేతులు తుడుచుకుని నా వంక తేరిపార చూశాడు. ఈసారి అనుమానం ఆయన కళ్లలో ఉంది.

"మీరేగా చెప్పొద్దంది? మే నెల్లో వడగళ్లు పడి కట్టె మొత్తం నానిపోతే నన్ను పిలిచారు. 'ఎట్టా వేస్తావో నాకు చెప్పొద్దు. మీ ఇంట్లో వామి ఎట్టా వేస్తావో అట్టా వెయ్యి. పొగొచ్చిందంటే మాత్రం నీ సంగతి చూస్తా' అన్నారు. పక్కన ఇద్దరు ముగ్గురు ఉంటే, వామిస్వామి అనో ఏదో అని నవ్వారు కూడా. అట్టాగే వేశా. పొగొచ్చిందా?"

రాలేదు. ఆ ఏడాది ఒక్క పుల్ల కుళ్లలేదు, ఒక్క పొగ రాలేదు. నేను అదే మాట మూడు మీటింగుల్లో గొప్పగా చెప్పుకున్నాను.

"ఏమన్నా తప్పయిందా బాబూ?" అని అడిగాడు.

నేను ఆఫీసుకు వచ్చేశాను. బల్ల మీద సైమా పెట్టి వెళ్లిన రెండో ముక్క ఉంది. అదే, ఉప్పు చల్లిన ముక్క. ఒక్క రోజులో పూత పక్కకు వంగి లేచిపోయింది.

సాయంత్రం రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. చేయి చాలా తెలివైంది. దాన్ని వదిలేస్తే నన్ను తప్పించే వాక్యాలు ఎన్నయినా రాస్తుంది. "ఇంధనంలో అనుకోని కాలుష్యం" అని రాసి చూశాను. ఎవరి పేరూ లేదు. కానీ పేరు లేనప్పుడు హెడ్డాఫీసువాళ్లు పూత వేసినవాడినే పట్టుకుంటారు. "యార్డు కూలీ అజాగ్రత్త" అని రాసి చూశాను. ఆ మనిషి చేసిందంతా జాగ్రత్తే. రెండూ కొట్టేశాను. తలుపు దగ్గర ఇమ్మానుయేలు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

"నా గురించేనా సార్ రాస్తున్నారు?"

"కాదు."

"అయితే ఆ కాయితం ఎందుకు చేత్తో మూశారు?"

తీసి చూపించాను. రెండు కొట్టివేతలూ చదివాడు. కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకుని, "మూడోది రాయండి, ఉంటాను," అన్నాడు. ఉన్నాడు. నేను రాసేదాకా కదల్లేదు.

శుక్రవారం శ్రీరమ్య గారు చదివారు. ఒక పేరా దగ్గర ఆగి పైకి చదివారు. "తడిసిన కట్టెను ఇంట్లో గడ్డివామిలా వేయమని, ఎలా వేసేదీ తనకు చెప్పొద్దని మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి ఆదేశించారు. తడి వామిలో ఉప్పు చల్లుతారని ఆయనకు తెలియదు. అడగలేదు." తలెత్తి, "ఎవరో మూడో మనిషి గురించి రాసినట్టు ఉంది," అన్నారు.

"అలా అయితేనే చేయి కదిలింది మేడమ్."

"వామి వేసినాయన పేరు ఎందుకు లేదు?"

"ఆయన చేసింది నేను చెప్పిన పనే."

"ఇమ్మానుయేలు పేరు జాబితాలో ఉంటుంది," అన్నారు. "మీ పేరు ఎక్కడ ఉంటుందో హెడ్డాఫీసు చెప్పేదాకా నాకు తెలియదు. ఈలోగా ఆ వామిని ఏం చేయాలో చెప్పండి."

జవాబు సైమా దగ్గర ఉంది. కట్టెను పలచగా పరిచి రెండు మూడు వానలకు వదిలేస్తే ఉప్పు కారిపోతుంది. తర్వాత ఎండబెట్టుకోవచ్చు. వినడానికి సులువే. బాలస్వామితో చెప్పడమే కష్టమైంది.

"పరచమంటారా?" అన్నాడు. "వానలోనా? కావాలనే తడపమంటారా?"

"అవును పెద్దాయనా."

"నేను వేసిన వామినా?"

 చొక్కా విప్పి నేనూ ఒక కొస పట్టుకున్నాను. మూడు రోజులు దించాం. నా వేళ్లకు మిరపకట్టె గీరుకుని మండింది.  ఆయన మాత్రం పుల్లల్ని వరుసగా, ఒకదాని పక్కన ఒకటి పరిచాడు.

నవంబరు మొదటివారంలో అల్పపీడనం పట్టింది. ఇమ్మానుయేలు కొత్త పూతకు గన్ను వేసుకుని వచ్చాడు గానీ దాన్ని వ్యాన్లోంచి దించలేదు. సైమా ఇచ్చిన పరీక్ష కాగితం చదివి, మడిచి, నాకే తిరిగి ఇచ్చేశాడు.

"ఉప్పు తగ్గిందని రాసింది కదయ్యా," అన్నాను.

"మీ ప్లాంటు కాయితం కదా సార్," అన్నాడు, కొంచెం కూడా నవ్వకుండా.

యార్డులోకి నడిచి, పరిచిన కట్టె మధ్య నుంచి ఒక పుల్ల తీసి, విరిచి, నాలుక మీద పెట్టుకున్నాడు. మొహం చిట్లించి ఉమ్మేశాడు.

"ఇంకో వాన పడాలి."

అనడం ఆలస్యం, చినుకులు మొదలయ్యాయి. మేమంతా రేకుల కిందికి పరుగెత్తాం. బాలస్వామి కాళ్లు మాత్రం వామి మీద కప్పే పట్టా ఉన్న వైపు నాలుగడుగులు వేశాయి. సగంలో ఆగాడు. కట్టె నల్లబడుతోంది. నీళ్లు పుల్లల మధ్య నుంచి కాలవ కట్టి గేటు వైపు పారుతున్నాయి.

"మా అయ్య ఉంటే తన్నేవాడు," అని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, అక్కడే వానలో నిలబడ్డాడు.